దారాలు సర్దిన ఇంట్లో

రేగుపండంత కంచు మువ్వను నేను. మైనంతో నా రూపు చేసి, దానికి మట్టి పూసి కాల్చి, మైనం కరిగిపోయిన చోట కంచు పోశారు. కడుపులో ఒక ఇనప గుండు పెట్టారు. నన్ను చేసినాయన చెవి దగ్గర ఆడించి చూసుకుని, తృప్తిగా నవ్వి, పక్కన పడేశాడు. ఆ తర్వాత కొన్నవాళ్లూ అలాగే చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. తోటి మనిషి చెప్పేదాన్ని వాళ్లు అంత శ్రద్ధగా వినడం నేనెప్పుడూ చూడలేదు.

మొదట ఒక పెయ్యదూడ మెడలో తిరిగాను. దూడ పెరిగింది, పట్టెడ తెగింది, నేను సంతలో పాత సామాన్ల మధ్యకు చేరాను. అక్కడ నన్ను ఏరుకున్నది వరహాలు. అనకాపల్లిలో ఆమె ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. గుడ్డల కింద కత్తెర మాటిమాటికీ మాయమయ్యేది. అందుకని నన్ను కత్తెర పిడికి కట్టింది. గుడ్డల కుప్పను ఒక్కసారి దులిపితే నేను మోగేదాన్ని, కత్తెర దొరికేది. ఆ వీధిలో పెళ్లిళ్లకు ఆడవాళ్లు తొడుక్కున్న జాకెట్లలో చాలా మటుకు నా చప్పుడు వింటూ తయారైనవే.

తర్వాత ఆమె కళ్లలో నీటికాసులు ముదిరాయి. చూపు అంచుల నుంచి మూసుకుంటూ వచ్చి, చివరికి వెలుగూ నీడా మాత్రం మిగిలాయి. పుట్టింట్లోకన్నా ఎక్కువ కాలం ఉన్న ఆ ఇంట్లోనే ఆమె గోడ పట్టుకుని నడవసాగింది. భర్త రామునాయుడు బెల్లం మార్కెట్లో కాటా వేస్తాడు. మిషను మూలకు జరుపుతానంటే ఆమె ఒప్పుకోలేదు. దారాలు కూడా తీయనివ్వలేదు. రోజూ మిషను ముందు కూర్చుని, చక్రం మీద చెయ్యి వేసి, తిప్పకుండానే లేచేది.

పక్కింటి చిన్నమ్మలు వాళ్ల పిల్లి పిల్లల్ని పెట్టింది. ఒక మధ్యాహ్నం వాటిలో ఒకటి వరహాలు ఒళ్లోకి ఎక్కి నిద్రపోయింది.

"దీన్ని నాకియ్యే" అంది వరహాలు.

"కాళ్లకడ్డం పడితే నువ్వేటైపోతావే?" అన్నాడు రామునాయుడు.

చిన్నమ్మలు ఇంకో మాట చెప్పింది. "ఇత్తాను గానీ ముందు ఇల్లు సర్దుకో వొదినా. ఆ సూదులు, ఆ దారాలు ఉన్నాయంటే నానియ్యను. దారం మింగితే పేగులకి సుట్టేసుకుంటాది. మా పెద్దమ్మోలి పిల్లి అలాగే సచ్చిపోయింది."

 మర్నాడు పొద్దున్నే వరహాలు మిషను ముందు కూర్చుని భర్తను పిలిచింది. "ఓ సంచీ తెండి."

ఒక్కొక్క దారపుండనూ వేళ్ల మధ్య తిప్పి అతనికి చూపించింది.

"ఇదేం రంగండీ?"

"నీలం."

"ఏ నీలం?"

"నీలమంటే నీలమే కదేటి."

"నెమలికంఠమా? ఆకాశమా?"

రామునాయుడు దాన్ని వెలుగులోకి తీసుకెళ్లి చూశాడు. బెల్లం దిమ్మను చూడగానే తూకం చెప్పేయగల మనిషి, ఒక రంగు చెప్పలేక తడబడ్డాడు. "ఎండ కాసినప్పుడు దాబా మీద పైకి సూత్తే కనిపిస్తాది సూడు... అదే."

"ఆకాశం" అంది వరహాలు. దాన్ని కాసేపు చెంపకు ఆనించుకుని సంచిలో వేసింది. ఆఖరి ఉండ కూడా వేశాక సంచి మూతి తనే కట్టింది. అప్పుడు ఏడ్చింది. అతను పక్కన కూర్చున్నాడు. ఏం మాట్లాడాలో తెలియనప్పుడు మనుషులు నోరు మూసుకుంటే ఎంత బాగుంటారో నాకు ఆ రోజు తెలిసింది.

ఆ తర్వాత ఇద్దరూ నేలంతా వెతకడం మీద పడ్డారు. పాత స్పీకరులోని అయస్కాంతాన్ని అతను నాపరాళ్ల మీద లాక్కుంటూ వెళ్తే గుండుసూదులు ఎగిరి అతుక్కున్నాయి. రాళ్ల సందుల్లో ఇరుక్కున్నవాటిని ఆమె వేళ్లతో తడిమి తీసింది. బాల్కనీ కటకటాలకు కోళ్ల జాలీ బిగించారు. పిల్లి దొడ్డికెళ్లడానికి పాత బేసినులో ఇసుక పోశారు. చీరల అట్టపెట్టెలో మెత్తటి గుడ్డముక్కలు పరిచారు. ఆఖర్న రామునాయుడు నన్ను కత్తెర నుంచి విప్పాడు. "పిల్లి మెడలో కడదాం. ఎక్కడుందో నీకు తెలుత్తాది."

పిల్ల వచ్చింది. జున్ను రంగులో ఉందని భర్త చెబితే ఆమె జున్ను అనే పేరు పెట్టింది. నన్ను మెడలో కట్టగానే అది హడలిపోయింది. పరిగెత్తితే నేను మోగాను, మోగితే అది ఇంకా పరిగెత్తింది. బీరువా వెనక దూరి, పాలు పెట్టినా రాలేదు. దూడ నన్ను మోసినంత సంతోషంగా ఇదీ మోస్తుందనుకున్నాను. సిగ్గేసింది.

"ఇప్పేయండి" అంది వరహాలు.

"మరి నువ్వు తొక్కేత్తే?"

"అదెక్కడుందో నాకు తెలీకపోతే పోయె. నేనెక్కడున్నానో దానికి తెలిత్తే తప్పుకుంటాది. నా కాలికి కట్టండి."

అతను ఆమె ముందు కూర్చుని చీలమండకు నన్ను కట్టాడు. మర్నాటికి జున్ను బయటికొచ్చింది. నా చప్పుడు దగ్గరైతే పక్కకు తప్పుకునేది, దాటిపోతే వెంట వచ్చేది. ఆ వారం తిరక్కుండానే వరహాలు గోడ వదిలేసి నడిచింది.

నిన్న రామునాయుడు మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చాడు. ఆమె మిషను పక్కన కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది.

"అన్నం పెట్టవేటే?"

"గట్టిగా అరవకండి. పాదం మీద పడుకుంది. కదిలితే మువ్వ మోగుతాది."

అతను చెప్పులు గుమ్మంలోనే విడిచి, మునివేళ్ల మీద వంటింట్లోకి వెళ్లాడు. రెండు కంచాల్లో అన్నం వడ్డించుకొచ్చి, ఒకటి ఆమె చేతికందించి, ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాడు. జున్ను లేచేదాకా నేను మోగలేదు.