గొడుగు పట్టిన చేప

తెల్లారగానే గుడ్డలకు రంగులేసే మేస్త్రి పొయ్యి వెలిగించేవాడు, గంగాళంలో నీళ్లు కాగబెట్టేవాడు, చేతులు తుడుచుకుని అలమరలోంచి రికార్డు తీసి మెషిన్ మీద పెట్టేవాడు. దాని అట్ట మీద గొడుగు పట్టుకున్న చేప బొమ్మ. పాడినవాళ్లు నలుగురు కుర్రాళ్లు, ఆ ఒక్క రికార్డూ చేసి ఎటు పోయారో పోయారు. అందులో ఉన్నవి పాటలో, జ్వరంలో వచ్చిన కలలో తేల్చి చెప్పడం ఎవరి తరమూ కాలేదు. వయొలిన్‌ని వెనక నుంచి ముందుకు వాయించారు. కారుతున్న కుళాయిని తాళంగా పెట్టుకున్నారు. మధ్యలో ఓ కుక్క బకెట్ కింద దూరినట్టు మొరుగుతుంది, అదీ శ్రుతి తప్పకుండా.

అది మొదటిసారి మోగిన రోజు గురించి వీధి వీధంతా ఇప్పటికీ చెప్పుకుంటుంది. సగం గడ్డం గీయించుకున్న పెద్దమనిషి సబ్బు నురగతోనే పరిగెత్తుకొచ్చి రంగుల కొట్టు ముందు నిలబడ్డాడు. మంగలి కత్తి పట్టుకుని వెనకే వచ్చి, మిగతా సగం అక్కడే గీశాడు. కోర్టుకు బయల్దేరిన అన్నదమ్ములిద్దరు రెండో వైపు పూర్తయ్యేసరికి రాజీపడి, ఒకే రిక్షాలో ఇంటికెళ్లిపోయారు.

గంగాళంలో గుడ్డ మునిగి ఉన్నప్పుడు ఏ పాట మోగితే ఆ పాట రంగే దానికి పట్టేది. నీళ్లలో రంగు కలపడం మేస్త్రి ఎప్పుడో మానేశాడు. కుళాయి పాటలో ఓ దుప్పటి ముంచిపెట్టమని ఒకరొచ్చేవారు. చొక్కా ఆఫీసుకు వేసుకెళ్లాలి, కుక్క పాట మాత్రం తగలనివ్వొద్దని ఇంకొకరు బతిమాలేవారు. ఎప్పుడిస్తావన్న పేచీయే గానీ, ఇదెలా జరుగుతుందని అడిగినవాడు లేడు.

ఆ రికార్డును వీధికి తెచ్చింది మేస్త్రి బావమరిది. ఎదురుగా ఉన్న రికార్డుల కొట్టు అతనిదే. రెండు తెప్పించి ఒకటి తను ఉంచుకుని, ఒకటి బావకిచ్చాడు. ఇద్దరూ ఆ చేపంటే చెవి కోసుకునేవారు. అన్నం ముందు కూర్చుని కుళాయి తాళం వేస్తుంటే, మేస్త్రి భార్య గరిటె చూపించి ఆపించేది.

ఒకనాడు బావమరిది రంగుల కొట్లో కూర్చుని, రెండు వైపులా విని, తల అడ్డంగా ఊపాడు.

"బావా, నీ మెషిన్ నెమ్మదిగా తిరుగుతోంది. ఈ ఆవిరికి బెల్టు సాగిపోయింది. ఇన్నాళ్లూ నువ్వు విన్నది అసలు పాటే కాదు."

మేస్త్రి ముఖం కందగడ్డయింది. "నా దగ్గర చేప ఈదుతుందిరా. నీ కొట్లో దాన్ని కుక్క తరుముతుంది."

మాటా మాటా పెరిగింది. ఆ రోజు నుంచీ ఎడమొహం పెడమొహం. నాలుగడుగుల వీధి సముద్రమై కూర్చుంది. మేస్త్రి భార్య ఒక్కతే రోజూ టీ గ్లాసుతో ఆ సముద్రం దాటి తమ్ముణ్ణి చూసొచ్చేది.

ఇద్దరికీ జుట్టు నెరిసింది. బావమరిదికి చెవులు మొరాయించాయి. ముందు కుళాయి పోయింది, తర్వాత వయొలిన్ పోయింది, చివరికి కుక్క కూడా పోయింది. కొట్టు మూసేసి, ఎక్కడో దూరాన ఉన్న పినతండ్రి కొడుకు దగ్గరికి వెళ్లిపోవడానికి సిద్ధమయ్యాడు.

"వినపడనివాడికి ఈ వీధిలో ఏం పనుందక్కా అన్నాడు," అంది మేస్త్రి భార్య, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "రేపు వ్యాన్ వస్తుంది. ఇప్పుడన్నా వెళ్లి ఉండమని చెప్పు."

"చెబితే వినపడదు కదే."

ఆవిడ చూసిన చూపుకు గంగాళంలో నీళ్లు పొయ్యి లేకుండానే కాగాయి. మేస్త్రి లోపలికెళ్లి, ఉన్నవాటిలో పొడవైన తెల్ల తాను భుజాన వేసుకొచ్చాడు. "ఆ చివర పట్టుకో" అన్నాడు.

మేస్త్రి లెక్క ప్రకారం భూమిని రెండు చుట్లు చుట్టేంత గుడ్డ అతని చేతుల మీదుగా నడిచింది. అంత గుడ్డలోనూ ఈ తానును లాగినంత పదిలంగా దేన్నీ లాగలేదు. రికార్డు పెట్టాక, పాట నడిచిన కొద్దీ గంగాళంలో గుడ్డ నడిచింది. ఒక వైపు అయిపోయి రికార్డు తిరగేసేలోగా జానెడు మేర తెల్లగా మిగిలింది. అది కూడా ముంచుదామంది భార్య. వద్దన్నాడు.

మర్నాడు పొద్దున వ్యాన్ వచ్చేసరికి ఆ తాను రంగుల కొట్టు గుమ్మం నుంచి వీధి పొడుగునా తాడు మీద ఆరుతోంది. బావమరిది పెట్టె పట్టుకుని బయటికొచ్చాడు. చూశాడు. పెట్టె కింద పెట్టాడు.

మొదటి పాట దగ్గర నిలబడి నడక మొదలెట్టాడు. తిరగబడ్డ వయొలిన్ ఊదారంగు చివర్లో చిక్కగా మొదలై, మొదటికొచ్చేసరికి పలచబడింది. కుళాయి నీలం చుక్కలు చుక్కలుగా పడింది. అతని కుడికాలు దానంతటదే తాళం వేసింది. తెల్ల జాగా దగ్గర ఆగి, గాలిలో రికార్డు తిరగేసి, సూది ఆనించాడు. ఆవపిండి రంగు కుక్కను చూసి, భుజాలు కదిలేలా నవ్వాడు. చివరికొచ్చేసరికి కళ్లు తడిసిపోయి ఉన్నాయి. మళ్లీ వెనక్కి నడిచి, నీలం చుక్కల మధ్య నాలుగు వేళ్లు ఆనించి కొలిచాడు.

"నీ మెషిన్ ఇంకా నెమ్మదిగానే తిరుగుతోంది బావా," అన్నాడు వీధంతా వినపడేలా. "చుక్కకీ చుక్కకీ ఎంత ఎడముందో చూడు."

మేస్త్రి జవాబుగా అరచేతిని చేపలా చేసి, తీరిగ్గా ఈదించి చూపించాడు. బావమరిది తన చేపను దాని వెంట పరిగెత్తించాడు.

మిగతా సామాను కూడా ఎక్కించమంటారా అని వ్యాన్ డ్రైవర్ సైగ చేశాడు.

"ఎక్కించినవి దించు. ముందు నా మెషిన్ దించు. దీని పక్కన నా తాను కూడా ఆరేస్తే గానీ ఈయనకు బుద్ధి రాదు."

అలా అంటూనే జేబులోంచి రబ్బరు బెల్టు తీశాడు. గొడవైన మర్నాడే బావ కోసం కొన్నది, ఇచ్చేందుకు మొహం చెల్లక దాచుకున్నది. మేస్త్రి దాన్ని అందుకుని, కళ్లకద్దుకుని, గోడకున్న మేకుకు తగిలించాడు.

బెల్టు ఇప్పటికీ అక్కడే ఉంది. రోజూ పొద్దున్నే బావమరిది దాన్ని బావ మెషిన్‌కి వేయడానికొస్తాడు. మేస్త్రి భార్య టీ గ్లాసులు తెస్తుంది. వీధి దాటాల్సిన పని ఇప్పుడామెకు లేదు.