ఎవరి నంబరు వెయ్యాలి

"కూర్చుని చేసే పనేగా అమ్మాయ్, లేచి ఆ పప్పులో పోపు పెట్టు" అంది మా అత్తగారు హైమావతి. లేచాను. వెబ్‌సైట్లు తయారుచేయడం తెనాలిలో మా ఇంట్లో పని కిందికి రాదు. మా ఆయన గౌతమ్ కూడా బాపట్ల ఆఫీసులో కూర్చునే చేస్తాడు, ఆయన్ని మాత్రం పోపు పెట్టమని ఎవరూ లేపరు. అదేమంటే ఆయనది ఉద్యోగం, నాది కాలక్షేపం.

హైదరాబాద్ కంపెనీలో ఉన్నప్పుడు నాదీ ఉద్యోగమే. ఎక్కడో పరాయి దేశపు బీమా సంస్థకి ఏళ్ల తరబడి పేజీలు రాశాను. రాసింది నేను, మీటింగులో నిలబడి చూపించింది మా లీడ్ శ్రీకర్. మెప్పులన్నీ ఆయనకి, తప్పులన్నీ నాకు. అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయితే, ఎవరో ఒకరు మానెయ్యాలి కదా అన్నాడు గౌతమ్. ఆ ఎవరో ఒకరు ఎవరో ఆయనకి ముందే తెలుసు. మానేశాను. తర్వాత ఇంటి నుంచే చెయ్యమని కంపెనీవాళ్లు మళ్లీ అడిగితే నేను ఒప్పుకోలేదు. అప్పటికే బాపట్లలో టిఫిన్ హోటల్ నడిపే వసుంధర గారికి సైట్ చేసిపెట్టాను. సూర్యలంక బీచ్‌కి వెళ్లేవాళ్లు అది చూసి దారిలో ఆగి తింటున్నారని ఆవిడ నా చెయ్యి పట్టుకుని చెప్పింది. నా పని వల్ల ఒక మనిషికి ఏం జరిగిందో నాకు తెలియడం అదే మొదటిసారి. ఆ రుచి మరిగాక ఇంకెక్కడికి పోతాను?

"చిల్లర కొట్ల కోసమా ఇంత చదివింది?" అన్నాడు గౌతమ్. నా పేరుతో నేనొక సైట్ పెట్టుకున్నప్పుడు మాత్రం, అడ్డమైనవాళ్లూ ఫోన్లు చేస్తారు, నా నంబరు వెయ్యి, నేను చూసుకుంటాను అన్నాడు. నా మీద శ్రద్ధ అనుకున్నాను. వేశాను.

ఎన్నాళ్లు చూసినా కొత్త పని ఒక్కటీ రాలేదు. ఒకరోజు సముద్రం వైపున్న అడవులదీవి నుంచి పేరంటాలు అనే ఆమె, తనకీ సైట్ కావాలని మా ఇంటికి వచ్చింది. ఎండుచేపల వ్యాపారం ఆమెది. అత్తగారు ఆమెని గేటు దాటనివ్వలేదు. ఆమె వెళ్లాక నీచు వాసనంటూ గేటు ముందు నాచేత నీళ్లు కొట్టించింది. వానలు పడితే చాలు, మా ఇంట్లో వంకాయలో ఎండురొయ్యలు పడాల్సిందే. వాటిని ఎండబెట్టిన మనిషి మాత్రం గుమ్మం తొక్కకూడదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆమెకి సైట్ చేసి తీరాలని ఆ క్షణమే అనుకున్నాను.

చేపలు కొనడం, కడగడం, ఉప్పు పట్టించడం, ఎండబెట్టడం, అమ్మడం అన్నీ పేరంటాలే. భర్త సింగయ్య బోటు మీద వేటకెళ్తాడు. కానీ ఫోన్ నంబరు దగ్గరికి వచ్చేసరికి ఆమె వెనక్కి తగ్గింది. "ఆడదాని నంబరు నలుగురి నోళ్లలో పడ్డం ఎందుకమ్మా, ఆయనదే వెయ్యండి" అంది. సరేనని అదే వేశాను.

వారాలు గడిచినా ఒక్క ఆర్డరూ రాలేదు. గౌతమ్ నవ్వాడు. ఎండుచేపలకి వెబ్‌సైటేంటి, నేను ముందే చెప్పలేదా అన్నాడు. ఉండబట్టలేక రేపల్లె బస్సెక్కి, అక్కణ్నుంచి ఆటోలో అడవులదీవి వెళ్లాను. ముసురు పట్టి ఉంది. పేరంటాలు గోతాలు విప్పి ఎండుచేపల్ని ఇంట్లో ఆరబోస్తోంది. సరుకు మెత్తబడిపోతోందమ్మా, ఈ వారం పోకపోతే పారబోసుకోవడమే అంది. సింగయ్య ఆ పొద్దునే ఒడ్డుకొచ్చాడట. ఆయన ఫోన్ తీసుకుని చూస్తే గుంటూరు, విజయవాడ, ఎక్కడెక్కడి నుంచో మిస్డ్ కాల్స్. సముద్రంలో సిగ్నలెక్కడిది?

"ఎత్తినా నేనేం చెప్తానమ్మా, సరుకు సంగతంతా దానిదే" అన్నాడు సింగయ్య.

పేరంటాలు చెయ్యి తుడుచుకుని తన నంబరు చెప్పింది. అక్కడే మార్చేశాను. పిలిచినవాళ్లందరికీ తిరిగి ఫోన్ చేశాం. మొదట తడబడింది గానీ, ఏది పులుసుకి, ఏది వేపుడికి బాగుంటుందో చెప్పడం మొదలుపెట్టాక అవతలివాళ్లే ఫోన్ పెట్టెయ్యలేదు. సాయంత్రానికి సగం సరుకుకి బేరం కుదిరింది.

టీ గ్లాసు చేతికిస్తూ అంది పేరంటాలు: "ఆ రోజు మీ ఇంటిదాకా ఎందుకొచ్చాననుకున్నారు? మీ సైట్లో నంబరుకి చేస్తే మీ ఆయనగారెత్తారు. ఆవిడ ఇట్టాంటి పనులు చెయ్యదు, ఖాళీ లేదు అన్నారండి. రేపల్లెలో మా టైలరు జెస్సీకీ అదే చెప్పారంట."

సింగయ్యది సిగ్నల్ అందని సముద్రం. గౌతమ్‌కి ఏమడ్డం వచ్చింది? నా పని చిన్నదని రోజూ ఎగతాళి చేసిన మనిషే, అది పెద్దది కాకుండా గుమ్మంలో కాపలా కాశాడు. ఇంకెవరెవరు పిలిచారో, ఎందరు పేరంటాళ్లని వెనక్కి పంపేశాడో నాకు ఎప్పటికీ తెలియదు. నాకు పని రావడం లేదని నేను కుమిలిపోతుంటే పక్కనే కూర్చుని అన్నం తిన్నాడు.

తిరుగు బస్సులో నా సైట్ తెరిచి నంబరు మార్చాను. జెస్సీకి ఫోన్ చేసి, రేపు మీ కొట్టుకి వస్తానని చెప్పాను.

ఇంటికి వచ్చేసరికి గౌతమ్ ఫోన్ చేత్తో పట్టుకుని గుమ్మంలోనే ఉన్నాడు.

"నా నంబరు తీసేశావేంటి? ఎవర్నడిగి తీశావు?"

"నన్నడిగానండి. సరేనన్నాను."