ముల్లు లేని మూడు డయళ్లు

అతను దుకాణాలకు బోర్డులు రాసే పెయింటరు. మనిషెత్తు అక్షరాన్నయినా నిచ్చెనెక్కి ఒక్క ఊపులో దించేసేవాడు. అలాంటివాణ్ణి తెచ్చి, గోరంత ప్లాస్టిక్ ముక్క ముందు కూర్చోబెట్టాడు వాళ్ల బావ.

బావ ముప్పయ్యేళ్లు విమానాల మెకానిక్కుగా చేశాడు. రిటైరయ్యాక, తన చేతిమీదుగా నడిచిన విమానానికి జానెడు నమూనా కట్టడం మొదలుపెట్టాడు. సగంలో చూపు పోయింది. పైలట్ ముందుండే మీటర్ల పలక మిగిలిపోయింది. దానిమీద ఆవగింజంత డయళ్లు పదకొండు.

"ఏనుగుకి స్నానం చేయించే చెయ్యి బావా నాది. చీమకి కాటుక పెట్టమంటే ఎలా?"

"ఈ చీమ కదలదులే. పెట్టు."

రోజూ సాయంత్రం బావ పడక్కుర్చీలో వాలి, జ్ఞాపకం మీద చెప్పేవాడు. "ఎడమ నుంచి రెండోది వేగం. దాని కింద ఎత్తు." బావమరిది భూతద్దం కింద, మూడు వెంట్రుకలు మిగిల్చిన కుంచెతో తెల్లటి ముల్లు గీసేవాడు. ఊపిరి గట్టిగా వదిలితే గీత వంకర. తుమ్మితే మొదటికే మోసం.

నాలుగో రోజు మెడ పట్టేసింది. మిగిలిన మూడు డయళ్లకూ నల్లరంగు పులిమేసి, 'ఈయనకేం కనిపిస్తుందిలే' అనుకుని కుంచె కడిగేశాడు.

"ఆయిల్ ముల్లు ఎక్కడ పెట్టావురా?" అన్నాడు బావ.

"నడిమధ్యన."

"ఆగున్న విమానానికి నడిమధ్యనేంట్రా? ఇంజను తిరక్కపోతే సున్నా మీదుండాలి."

అతనికి తల కొట్టేసినట్టయింది. "అసలు గీయలేదు బావా. ఆ మూడూ ఖాళీ. అబద్ధమాడాను."

బావ పడక్కుర్చీలో లేచి కూర్చున్నాడు.

"నేనూ ఒకసారి చూడకుండానే చూశానని సంతకం పెట్టాను. విమానం కదిలాక గుర్తొచ్చింది, ఆయిల్ మూత బిగించలేదని. చేతులూపుకుంటూ అడ్డంగా పరిగెత్తాను. ఆపారు గనక సరిపోయింది. అందరిముందూ చీవాట్లు తిన్నాను. ఈ సంగతి మీ అక్కకి కూడా చెప్పలేదు."

"ఇప్పుడు చెప్పారుగా," అంది అక్క వంటింట్లోంచి.

ముగ్గురూ నవ్వేశారు. అతను మళ్లీ రంగు సీసా మూత తీశాడు.

ఇంకో రెండు సాయంత్రాలు పట్టింది. పదకొండూ పూర్తయ్యాక అక్క భూతద్దం పట్టుకుని ఒక్కొక్కటే చదివింది. ఒక్కోదానికీ బావ తలూపాడు. "ఆయిలు, సున్నా," అనగానే ఆయన చెయ్యి, ఎదురుగా స్విచ్చులేవో ఉన్నట్టు గాల్లోకి లేచింది.

"రేపు కాస్త ముందే రారా. చక్రాల దగ్గర గొట్టాలకీ రంగెయ్యాలి."

బావమరిది నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. మర్నాడు మాత్రం గంట ముందే వచ్చాడు.