సూపర్‌వైజరమ్మ ఇంట్లో నల్లులు

లాడ్జిలో గదులు శుభ్రం చేయించే మనిషికి సొంత ఇంట్లో నల్లులు పట్టడం కంటే తలవంపులు మరొకటి లేవు. పోలీసు ఇంట్లో దొంగలు పడితే జనం నవ్వుకున్నా, ఆ వెంటనే అయ్యో పాపం అంటారు. నల్లులంటే అయ్యో పాపం అనేవాళ్ళుండరు. మొహం చిట్లించి, కూర్చున్న కుర్చీలోంచి లేచి నిలబడతారు.

ఆమెను వీధిలో అందరూ సూపర్‌వైజరమ్మ అనే పిలుస్తారు. లాడ్జిలో అంతస్తులన్నీ ఆమె చేతి కిందే ఉన్నాయి. దుప్పటి మడత తేడాగా ఉంటే గుమ్మంలోంచే పసిగడుతుంది. చూడని చోటు ఉండదు, వేలితో రాసి చూడని చెక్క ఉండదు. ఇంట్లోనూ అదే వరస. సాయంత్రం ఆమె చెప్పులు విప్పుతున్న చప్పుడు వినగానే భర్త కూతురితో, "తనిఖీ వచ్చేసిందే, కాళ్ళు పైకెత్తు," అంటాడు. పిల్ల నిజంగానే కాళ్ళు పైకెత్తుతుంది. ఆమె కోపం నటిస్తుంది కానీ, లోపల కాస్త గర్వంగానే ఉంటుంది.

అలాంటి ఇంట్లో, ఒకరోజు పొద్దున కూతురు మోచేయి చాపి, "అమ్మా, దురద," అంది.

"దోమలై ఉంటాయి," అన్నాడు భర్త, పేపర్లోంచి తల ఎత్తకుండా.

దోమ అయితే ఎక్కడ పడితే అక్కడ కుడుతుంది. ఇవి అలా లేవు. దారం వేసి కొలిచినట్టు, ఎర్రటి దద్దుర్లు ఒకే వరసలో ఉన్నాయి. నల్లి కాస్త కుట్టి, కాస్త నడిచి, మళ్ళీ కుడుతుంది. కొత్తగా పనిలో చేరిన అమ్మాయిలకు ఆమె మొట్టమొదట నేర్పే పాఠం అదే. సూపర్‌వైజరమ్మకు విషయం అర్థమైపోయింది. పిల్ల చొక్కా చేతులు గబగబా కిందికి లాగి, "ఎవరికీ చూపించకు," అంది.

పిల్ల పడుకునేది మధ్య గదిలో, మేనత్త పక్కన.

ఆ మేనత్త, అంటే సూపర్‌వైజరమ్మ ఆడపడుచు, కిందటి నెలే ఒక్క పెట్టె పట్టుకుని ఈ ఇంటికి వచ్చింది. మొగుడు కొట్టేవాడు కాదు. అందుకే, ఎందుకొచ్చావని అడిగినవాళ్ళకు ఏం చెప్పాలో ఆమెకు తెలిసేది కాదు. సాయంత్రం ఆమె ఉద్యోగం నుంచి రాగానే ఆమె చేతిసంచి తీసుకుని మంచం మీద బోర్లించేవాడు. చిల్లర, దువ్వెన, రసీదులు, మాత్రలు ఒక్కొక్కటీ తిరగేసి, ఇదెక్కడిది, అదెందుకు అని అడిగేవాడు. అడిగినంతసేపూ ఆమె నిలబడి ఉండాలి. అలా ఏళ్ళు గడిచాక ఒకరోజు పొద్దున్నే వచ్చేసింది. ఇప్పుడు ఓ పళ్ళ డాక్టరు దగ్గర, వచ్చేవాళ్ళకు వరస చెప్పే బల్ల దగ్గర కూర్చుంటోంది. వచ్చిన కొత్తలో తన సంచిని గుమ్మం దగ్గరే పెట్టి దూరంగా నిలబడేది. ఈ మధ్యే ఎక్కడ పడితే అక్కడ పడేయడం నేర్చుకుంది. ఆ అజాగ్రత్త చూసి సూపర్‌వైజరమ్మ కూడా సంతోషించింది.

లాడ్జిలో ఒక ఆచారం ఉంది. ఏ గదిలోనైనా నల్లి కనబడితే, దాన్ని చంపేలోపే మేనేజరు వేసే ప్రశ్న ఒకటే. "ఆ గదిలో చివరిగా దిగిందెవరు?" నల్లులు ఎప్పుడూ బయటివాళ్ళ సామానుతోనే వస్తాయి. లాడ్జికి సొంత నల్లులు ఉండవు. ఆ మాట అని అని మేనేజరుకూ, విని విని సూపర్‌వైజరమ్మకూ అదే నిజమైపోయింది.

ఇంట్లో ఆమె ఆ ప్రశ్న పైకి అడగలేదు. అడగాల్సిన పనే లేకపోయింది.

ఆ రోజు సెలవు పెట్టింది. అందరూ వెళ్ళాక తలుపులూ కిటికీలూ మూసింది. పక్కింటావిడ చెవి పాముచెవి. టార్చిలైటు, పాత కార్డు ముక్క, ఒక సీసాలో సబ్బునీళ్ళు పట్టుకుని మధ్య గదిలో పరుపు ఎత్తింది. అంచు కుట్టు వెంట వెలుతురు వేసుకుంటూ పోయింది. ఒక మూల నల్లి దొరికింది, చదునుగా, గోధుమరంగులో, పప్పుబద్దంత. కార్డుతో గీరి సీసాలో పడేసింది.

ఒక్కటే. చుట్టూ నల్లటి చుక్కలు లేవు. విడిచిన పొట్టు లేదు, గుడ్లు లేవు. లాడ్జిలో అయితే, "ఇది దారిన పోయేదే, మరి కాపురం ఎక్కడ?" అని పనివాళ్ళను నిలదీసేది. ఇక్కడ ఆ ప్రశ్న ఆమెకు తోచలేదు. అసలు తోచనివ్వలేదు. ఆమె కళ్ళు అప్పటికే మంచం కిందున్న పెట్టె మీద ఉన్నాయి.

పెట్టె తెరిచింది. బట్టలన్నీ నేల మీద కుమ్మరించింది. జేబులు తిరగేసింది, లోపలి గుడ్డ చింపి చూసింది. ఏమీ దొరకలేదు. దొరకకపోతే నక్కి ఉంటాయనుకుంది. బట్టలన్నీ మరిగే నీళ్ళలో వేసింది. వాటిలో ఉన్న ఒక ఉన్ని శాలువా పిల్ల చొక్కా అంతయ్యేలా ముడుచుకుపోయింది. ఖాళీ పెట్టెను నల్లటి ప్లాస్టిక్ సంచిలో కుక్కి, మూతి బిగించి, బాల్కనీలో పడేసింది.

సాయంత్రం ఆడపడుచు వచ్చి, తీగ మీద వేలాడుతున్న తన బతుకంతా చూసింది.

"ఏంటిది వదినా?"

"నల్లులమ్మా. నీ పరుపులో దొరికింది. ముందే చెబుదామనుకున్నా, నువ్వు పనిలో ఉన్నావు కదా..."

"నా పెట్టె తీశావా?"

"తీయకుండా ఎలా చూడను? ఇది నా పని కదా. నువ్వు కావాలని తెచ్చావని నేననలేదు. అలా వచ్చేస్తాయంతే, సామానుతో."

ఆడపడుచు ఆ ముడుచుకుపోయిన శాలువాను తీగ మీంచి తీసి, చేతుల్లో సాగదీసి చూసింది. అది సాగలేదు.

"అక్కడ సంచి వెతికేవాడు, ఇక్కడ పెట్టె వెతుకుతున్నారు," అంది మెల్లగా. "అక్కడ కనీసం అది నా ఇల్లని చెప్పుకునేదాన్ని."

భర్త గుమ్మంలోనే ఉన్నాడు. చెల్లెలి వైపు చూశాడు, పెళ్ళాం వైపు చూశాడు, ఇద్దరికీ మధ్యనున్న గోడను చూసి ఊరుకున్నాడు. ఆయన ఎప్పుడూ అంతే. కష్టమొస్తే గోడలు చూస్తాడు.

మర్నాడు ఆడపడుచు తన మొగుడికి ఫోన్ చేసింది. ఆదివారం మధ్యాహ్నం వచ్చి తీసుకెళతానన్నాడట. ఆ మాట ఎవరి ముఖమూ చూడకుండా చెప్పింది. వినగానే సూపర్‌వైజరమ్మకు ముందు కలిగింది ఊరట. ఇల్లు మళ్ళీ శుభ్రమవుతుంది అనుకుంది. ఆ వెనకే తన మీద తనకే రోత పుట్టింది. కానీ ఉండమని మాత్రం అనలేదు.

పిల్లను మాత్రం ఆ గదిలో ఉంచకూడదని శనివారం తన మంచం మీదికి మార్చుకుంది. భర్త హాల్లో చాప వేసుకున్నాడు.

ఆదివారం పొద్దున పిల్ల నిద్రలేచి ఏడుపు మొదలుపెట్టింది. చేతులు, మెడ, వీపు, ఎక్కడ చూసినా వరసలే. ఒకదాని పక్కన ఒకటి, ఎర్రగా, ఉబ్బి.

సూపర్‌వైజరమ్మ పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఆ వీపు వంకే చూస్తూ ఉండిపోయింది. ఆ గదిలో నాలుగు మచ్చలు. ఈ మంచం మీద ఒక్క రాత్రికే ఒళ్ళంతా. ఇంకెవరైనా ఈ మాట చెప్పి ఉంటే ఆమె క్షణంలో వేలెత్తి చూపించేది, కాపురం ఎక్కడుందో.

పిల్లను స్నానానికి పంపి, తలుపు వేసుకుని, తన పరుపు ఎత్తింది.

తలవైపు చెక్క, గోడకు ఆనుకున్న చోట, నల్లటి చుక్కలతో మసిబారి ఉంది. మేకుల కన్నాల్లో, చెక్క అతుకుల్లో, పొరలు పొరలుగా విడిచిన పొట్టు. వాటి మధ్య తెల్లటి గుడ్లు, కదులుతున్న పిల్లలు, కదలకుండా పడున్న పెద్దవి. ఆడపడుచు వచ్చాక మొదలైన కాపురం కాదిది. తాతలూ మనవలూ కలిసి ఉంటున్న ఇల్లు. రెండు గదుల మధ్య ఉన్నది చెక్క పలకల గోడ. ఆ పలకల సందుల్లోంచి ఒకటీ అరా అటు వెళ్ళి ఉంటాయి, చుట్టపుచూపుగా.

మంచం కోడుకు ఆమె ఉద్యోగం సంచి వేలాడుతోంది. లాడ్జిలో దాన్ని రోజూ ఎక్కడ పెడుతుందో అప్పుడు గుర్తొచ్చింది. సామాన్ల గదిలో, ఉతకడానికి వచ్చిన దుప్పట్ల మూటల మీద. సంచి అడుగు కుట్టు విప్పి చూసింది. అక్కడా చుక్కలే.

మరి తనకెందుకు దురద లేదు? కొందరి ఒంటి మీద నల్లి కాటు తేలదు. ఒకే మంచం మీద పడుకున్న మొగుడూ పెళ్ళాల్లో ఒకరు గోక్కుంటూ, ఇంకొకరు నీదంతా భ్రమ అంటూ లాడ్జిలో ఆమె ఎదుటే ఎన్నోసార్లు పోట్లాడుకున్నారు. "అమ్మా, ఒక్కొక్కరి ఒళ్ళు ఒక్కోలా ఉంటుంది," అని తానే సర్దిచెప్పేది. తన ఒంటి గురించి మాత్రం ఎప్పుడూ అనుమానించలేదు. భర్తదీ అలాంటి చర్మమే, మందం. దద్దురు లేదు కాబట్టి మంచం శుభ్రం, మంచం శుభ్రం కాబట్టి తప్పు పెట్టెది.

పరుపు దించి దాని మీదే కూర్చుంది. పక్క గదిలో ఆడపడుచు బట్టలు మడతపెడుతున్న అలికిడి పలకల్లోంచి వినబడుతోంది. మధ్యాహ్నానికి అతనొస్తాడు. ఆమె వెళ్ళిపోతుంది. ఆ తర్వాత తీరిగ్గా ఈ చెక్కలు గీరి, మరిగే నీళ్ళు పోసి, సంచి పారేస్తే ఇక ఎవరికీ తెలియదు. భర్త గోడలు చూస్తాడే కానీ వాటి సందులు చూడడు. వీధిలో తన పేరు తన పేరుగానే ఉంటుంది. నోరు మూసుకుంటే చాలు.

ఎంత సులువో చూసి ఆమెకు భయమేసింది. రోజూ సాయంత్రం ఎక్కడో ఒక మంచం ముందు ఆడపడుచు నిలబడి ఉంటుంది, ఇదెక్కడిది అని అడిగించుకుంటూ. దానికి తాను చేసిన సాయం ఇది.

లేచి, సంచి పట్టుకుని మధ్య గదిలోకి వెళ్ళింది. ఆడపడుచు తలెత్తే లోపే సంచిని నేల మీద బోర్లించింది. తాళాలు, టార్చి, టిఫిన్ డబ్బా దొర్లాయి.

"చూడు," అంది. "అడుగు కుట్టు చూడు."

ఆడపడుచు వంగి చూసింది.

"ఇవి నావి. నీ పెట్టెవి కావు. నా మంచం నిండా ఉన్నాయి. నువ్వు రాకముందు నుంచీ ఉన్నాయి. నేనే తెచ్చాను లాడ్జి నుంచి."

ఆడపడుచు దొర్లిన టిఫిన్ డబ్బాను తీసి నిలబెట్టింది. తర్వాత ఆమె అడిగినదానికి సూపర్‌వైజరమ్మ సిద్ధంగా లేదు.

"ఒకవేళ అవి నా పెట్టెలోనే ఉండుంటే, వదినా?"

ఉంటే ఏముందమ్మా, ఇద్దరం కలిసి కడిగేవాళ్ళం అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మంచి మాట. అబద్ధం.

"పంపించేసేదాన్నే," అంది. "నేను పొమ్మనకుండా, నువ్వే పోయేలా చేసేదాన్ని. అదే కదా చేశాను."

ఆడపడుచు కళ్ళు నిండాయి. కానీ ముఖంలో ఏదో బిగువు సడలింది. ఈ ఇంటికి వచ్చాక తనతో ఎవరూ ఇంత ఉన్నదున్నట్టు మాట్లాడలేదు. "నాకు కోపం పోదు," అంది.

"పోనక్కర్లేదు. ఉండి కోపంగా ఉండు. మీ ఆయనకి ఫోన్ చెయ్యనా?"

"ఏమని?"

సూపర్‌వైజరమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. పక్కింటావిడ వింటుందని ఇన్నాళ్ళూ మూసే ఉంచిన బాల్కనీ తలుపు తీసి, ఫోన్ చెవికి పెట్టుకుని అక్కడే నిలబడింది. పక్క బాల్కనీలో పక్కింటావిడ మొక్కలకు నీళ్ళు పోస్తోంది.

"అన్నయ్యగారూ, నేను. బయల్దేరారా? ఆగండి, ఆగండి. మా ఇంట్లో నల్లులు పడ్డాయి. అవునండీ, నల్లులే! మంచం నిండా, గోడ నిండా! మీరు లోపల అడుగు పెడితే మీ ఇంటికీ వచ్చేస్తాయి, కారు సీట్లకీ పట్టేస్తాయి."

పక్కింటావిడ చేతిలో నీళ్ళు మొక్కను దాటి నేల మీద పడుతున్నాయి. విననీ అనుకుంది సూపర్‌వైజరమ్మ. తల కొట్టేసినట్టవుతుందని ఇన్నాళ్ళూ అనుకుంది కానీ, తల తల చోటే ఉంది.

అవతల అతను గతుక్కుమన్నాడు. "పోవడానికి ఎన్నాళ్ళు పడుతుంది?" అని అడిగాడు. "అవి పోయాక వచ్చి తీసుకెళతాను."

ఇన్ని వారాలని చెప్పడానికి ఆమె నోరు తెరిచింది. ఆమె పని ఆమెకు తెలుసు. చెక్కలు విప్పాలి, సందులు పూడ్చాలి, మంచాన్ని గోడకు దూరంగా జరపాలి, గుడ్లు పొదుగుతాయి కాబట్టి మళ్ళీ మళ్ళీ చూడాలి. కానీ అతనడిగింది నల్లుల గురించి కాదు. ఆ జవాబు తనది కాదు. వెనక్కి తిరిగి ఆడపడుచు వైపు చూసింది.

"ఎన్నాళ్ళని అడుగుతున్నారు."

ఆడపడుచు లేచి వచ్చింది. ఫోన్ తీసుకుంది.

"నేను రాను," అంది.

అవతలి నుంచి అతనేదో అన్నాడు. ఆమె చివరిదాకా విన్నది.

"లేదు," అంది. "నల్లుల వల్ల కాదు."