మోషే ముఖం

మెదక్‌లో దొర గడి ఏళ్ల తరబడి గబ్బిలాల పాలై, చివరికి ఊరి పాలైంది. దొర పోయాక వారసులు పట్నంలో స్థిరపడ్డారు. గడిని బాగుచేసి కళాభవనం పెడదామని ఊరి పెద్దలు మీటింగుల మీద మీటింగులు పెట్టుకున్నారు గానీ, నడుం కట్టి పని నడిపించింది మాత్రం లిడియా టీచరే. సున్నాలు వేయించింది, పగిలిన పెంకులు మార్పించింది, చందాల కోసం రామాయంపేట దాకా తిరిగింది.

ఆమె తల్లి సౌభాగ్యమ్మ చర్చి హాస్టల్లో వంటమనిషి. ఒకప్పుడు దొరసాని పెళ్లికి పుట్టింటివాళ్లు ఆవులతో పాటు అరణమిచ్చి గడికి పంపిన దాసి, ఆడబాప. బిడ్డ సంబరం చూసి పైకి నవ్వేది, లోపల కుమిలిపోయేది.

ఒకనాడు లిడియా వంటింట్లోకి వచ్చి అంది: "అమ్మా, మేడమీది తూర్పు అర్రల సంగీతం క్లాసులు పెడుతున్నం. దానికి 'మోషే' అని నాయిన పేరు పెడుదమన్న. నాయిన దొరోళ్ల బాయి తవ్వుకుంటనే సచ్చిపోయిండు గద. అందరు ఒప్పుకున్నరు."

సౌభాగ్యమ్మ చేతిలో గంటె ఆగిపోయింది. మోషే అనే మనిషి ఎన్నడూ లేడు. కడుపుతో గడి విడిచి చర్చి నీడకు చేరాక, పుట్టబోయే బిడ్డకు తండ్రి కావాలని తానే ఆ పేరు పుట్టించింది. ఎల్దుర్తి అవతల బావిలో మట్టిపెళ్లలు విరిగిపడ్డాయని తానే చంపేసింది. లిడియా తండ్రి దొర. తూర్పు అర్ర ఆయన పడకగది.

"గా అర్ర వద్దు బిడ్డా."

"ఎందుకమ్మా? గాలి, వెలుతురు మంచిగొస్తయి."

ఎందుకో చెబితే బిడ్డ మళ్లీ ఊళ్లో తలెత్తుకు తిరగలేదు. సౌభాగ్యమ్మ మళ్లీ గంటె తిప్పింది.

దుకాణాల బోర్డులు రాసే భూమయ్య, అర్రలో పెట్టే మోషే పటం గీయడానికి వచ్చాడు. ఫోటో లేదు గనక పోలికలు చెప్పమన్నాడు. ఆమె దగ్గరగా ఎరిగిన మగముఖం ఒక్కటే, తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరించే ముఖం. దాన్నే తిరగేసి చెప్పింది. దొరవి పలచని పెదవులు, మోషేవి లావు. దొరవి గుచ్చే చూపులు, మోషేవి నవ్వే కళ్లు.

"ముక్కు టీచరమ్మ తీర్గనే పెట్టాల్నా?" అన్నాడు భూమయ్య.

"వద్దు," అంది గబుక్కున. "గా ముక్కు మా అమ్మది."

ప్రారంభం రోజున లిడియా పటం మీది గుడ్డ తీసింది. లావు పెదవుల మనిషి ఒకడు గోడ మీంచి సౌభాగ్యమ్మను దయగా చూశాడు. పెళ్లాం మీద చేయెత్తని వాడు. బిడ్డను భుజాన ఎక్కించుకుని తిరిగేవాడు. ఇలాంటివాడొకడు నిజంగా ఉంటే తన బతుకు ఎంత బాగుండేదో. ఆమెకు దుఃఖం ఆగలేదు. నలుగురిలో ఉన్నానన్న సోయి లేకుండా గోడకు ఒరిగి బావురుమంది.

ఊళ్లో పాతవాళ్లకు సంగతి తెలిసే ఉంటుంది. అయినా ఎవరూ నోరు మెదపలేదు, కళ్లు తుడుచుకున్నారు. లిడియా తల్లిని పొదివి పట్టుకుంది.

"ఊకో అమ్మా. నాయిన మీద గింత పానం పెట్టుకున్నవని ఎన్నడు చెప్పకపోతివి."

"మంచోడు బిడ్డా," అంది సౌభాగ్యమ్మ. "నిన్ను జూస్తే మస్తు సంబురపడుతుండె."