బావగారి ముప్పై ఏడు డిగ్రీలు

బావగారు ఆ ప్రయోగశాలకు డైరెక్టరు. వేడినీటి బుగ్గ దగ్గరికి ఒక్కసారైనా వెళ్లిన పాపాన పోలేదు. అక్కడి బురదను సీసాల్లో పట్టి, చేతులు బొబ్బలెక్కించుకుని, అందులోని బ్యాక్టీరియాను పెంచి, నేతబట్టకు పట్టించిన గంజిని తినేసే ఎంజైమును రాబట్టింది ఆయన మరదలు. రెండేళ్ల చాకిరీ. పేటెంటు దరఖాస్తులో మాత్రం ఉన్నది ఆయన పేరొక్కటే.

"నా పేరేది బావా?" అని అడిగితే, "ఇంట్లోవాళ్లం, మనలో మనకి పేర్లేంటి?" అన్నాడు. మరి ఆయన పేరెందుకో! ఈ మనిషికి అక్కనిచ్చి చేసినందుకు నాన్న మీద కూడా ఆమెకు ఒళ్లు మండింది.

ఇవాళ బట్టల మిల్లు యజమానురాలు పరీక్ష చూడడానికి వచ్చింది. నచ్చితే దరఖాస్తు మీద భాగస్వామిగా ఆవిడా సంతకం పెడుతుంది. బావగారు కొత్త కోటు తొడుక్కుని, బట్టీపట్టిన నాలుగు ముక్కలూ అప్పజెప్పి, ఎంజైము కలిపిన వేడినీళ్ల తొట్టిలోకి తొంగిచూశాడు. థర్మామీటరు ఎనభై చూపిస్తోంది.

"ఎనభయ్యా! బుద్ధుందా నీకు? ఎంజైము ఉడికిపోదూ? ముప్పై ఏడుకి దించు!"

ఎప్పుడో కాలేజీలో చదివిన అంకె, మనిషి ఒంటి వేడి. ఆయన చదువు అక్కడే ఆగిపోయింది. మరిగే బుగ్గలో పుట్టినదానికి అది గడ్డకట్టే చలి అని ఆమె చెప్పబోయింది.

"ఎదురు చెప్పకు!"

సరే, నీ ఖర్మ అనుకుని దించింది.

అందులో గంజిబట్ట ముక్కను అరగంట నానబెట్టి, జాడించి అయోడిన్ చుక్క వేస్తే ముదురు నీలం. గంజి ఎక్కడిదక్కడే ఉంది. యజమానురాలు మొహం చిట్లించింది.

"ఎవరండీ దీన్ని కనిపెట్టింది?"

"మా మరదలండీ. మొదట్నుంచీ అంతా తనే. నేను వేలు కూడా పెట్టలేదు," అన్నాడు బావగారు తడుముకోకుండా.

రెండేళ్లలో ఆయన నోట వచ్చిన మొదటి నిజం.

ఆమె వేడిని మళ్లీ ఎనభైకి తెచ్చి, ఇంకో గంజిబట్ట ముక్క వేసింది. ఇంకో అరగంటకు ముక్కను చన్నీళ్లలో జాడించి, చల్లారాక చుక్క వేసింది. నీలం ఆనవాలు లేదు. యజమానురాలు బట్టను వేళ్ల మధ్య నలిపి, "భలే మెత్తబడిందే!" అంది.

బావగారు గొంతు సవరించుకున్నాడు. "అసలు మా పరిశోధనలో నేను..."

"మీరు వేలు కూడా పెట్టలేదన్నారుగా," అంటూ ఆవిడ దరఖాస్తును ఆయన ముందుకు తోసింది. "ముందు ఆ పేరు కొట్టేసి ఈ అమ్మాయి పేరు రాయండి. అప్పుడు పెడతా సంతకం."

బావగారు తన పేరు కొట్టేశాడు. పెన్ను అక్కడే ఆగింది. ఏడేళ్లుగా చుట్టమై, రెండేళ్లుగా పని చేయించుకుంటున్న ఆ మహానుభావుడికి మరదలి పూర్తి పేరే తెలియదు. ఆమె అక్షరం అక్షరం చెబుతుంటే తలవంచుకుని రాశాడు.