వంగపండు రంగు గుర్తు

ప్రెస్సులో కంప్యూటరు మీద కార్డులూ కరపత్రాలూ కూర్చేది వదిన. ఆ కంప్యూటరుకి వైద్యం చేసేది మరిది. లినక్స్ ఎక్కించిందీ, అక్షరాలు పేర్చే సాఫ్ట్‌వేరు పెట్టిందీ అతనే. అలాంటి మనిషికి ఓ ఆదివారం తీరిక దొరికితే చేతులు ఊరుకుంటాయా? సాఫ్ట్‌వేరులో రంగులు నిర్ణయించే థీమ్ ఫైలు తెరిచి, తెరమీది తెల్లటి కిటికీలన్నీ నల్లగా మార్చాడు. మెనూలకు లేతాకుపచ్చ, బటన్లకు బూడిద రంగు వేశాడు. మురిసిపోతూ చూసుకుంటే ఒక్కటే కంట్లో నలుసైంది. తెరమీద అక్షరాల కోసం గీసిన డబ్బాలో అవి పట్టక మిగిలిపోతే, హెచ్చరికగా దాని మూలన వెలిగే ఎర్ర గుర్తు అది. ఇంత అందం మధ్య ఆ ఎరుపేమిటని దాన్ని ముదురు వంగపండు రంగులోకి దించేశాడు.

"మా మరిదికి రాని విద్య లేదు," అంది వదిన. ప్రెస్సువాళ్లు రంగులరాజని పేరు పెట్టారు. అతని కాళ్లు నేలమీద ఆనలేదు.

ఆ వారమే ఓ కుటుంబం కార్డులు వేయించుకుంది. తండ్రి పోయినప్పుడు పరామర్శకు వచ్చినవాళ్లకు కృతజ్ఞతలు, కింద పిల్లల పేర్లు. చివరి నిమిషంలో పెద్దకొడుకు ఫోన్ చేసి తన పేరు పక్కన ఉద్యోగం కూడా వేయమన్నాడు. వదిన వేసింది. దాంతో పేర్లు ఓ వరస కిందికి జారి, ఆఖరి పేరు డబ్బా దాటి మాయమైంది. గుర్తు రాకపోలేదు. నలుపులో వంగపండు రంగు ఎవరికి కనబడుతుంది? కార్డులు అచ్చయి వెళ్లిపోయాయి.

మర్నాడు ఆ ఇంటి చిన్నకూతురు కార్డు పట్టుకుని వచ్చింది. అరవలేదు. అరిచినా బాగుండేది.

"అందరి పేర్లూ ఉన్నాయండీ. మా నాన్నకి నేనేమీ కానా?"

వదిన తల వంచుకుంది. "తప్పు నాదేనమ్మా. గుర్తు వచ్చే ఉంటుంది, నేనే చూసుకోలేదు. ఇప్పుడే మళ్లీ వేసిస్తాను."

పక్కనే ఉన్న రంగులరాజుకి సిగ్గుతో చెవులు కాలిపోయాయి. అయినా అతగాడు వెలగబెట్టిన ఘనకార్యం ఏమిటంటే, ప్రింటరులో కాగితాలు సర్దడం.

ఆ అమ్మాయి వెళ్లాక వదిన అంది, "నా కళ్లు పోతున్నాయి మరిదిగారూ. ఈ పని ఇంకెవరికైనా అప్పగించండి."

అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పకుండా, "అద్దాలు పెట్టుకుంటే సరిపోతుంది వదినా," అని కళ్లడాక్టరు దగ్గరికి పంపాడు. ఆవిడ కళ్లజోడు తెచ్చుకోవడానికి వెళ్లిన రోజు, దొంగలా కూర్చుని ఆ గుర్తుకి మళ్లీ ఎరుపు పెట్టేశాడు.

వదిన వచ్చి, కొత్త అద్దాలు సవరించుకుంటూ పనిలో పడింది. కాసేపటికి చిన్నపిల్లలా కేకేసింది.

"మరిదిగారూ, ఇటు రండి! మూలన గుర్తు ఎంత ఎర్రగా కనబడుతోందో! మీ పుణ్యమా అని బతికిపోయాను."

తిట్టినా ఇంత కుంగిపోయేవాడు కాదు. తనమీద తనకే అసహ్యం వేసింది.

ఆవిడ ఆగలేదు. ఆ సంబరంలోనే చిన్నకూతురికి ఫోన్ చేసింది. "ప్రెస్సు నుంచమ్మా. మీ పేరు పోగొట్టింది నా పాడుకళ్లే. ఇప్పుడు అద్దాలు పెట్టుకున్నాను. మిమ్మల్ని ఏడిపించాను తల్లీ, ఏమనుకోకండి..." అంటూ బతిమాలుకుంది.

అతను చెయ్యి చాచి ఫోన్ తీసుకున్నాడు. వదిన ముఖం చూసే ధైర్యం లేక గోడవైపు తిరిగాడు.

"అమ్మా, మా వదిన కళ్లకేమీ కాలేదు. ఆ గుర్తు కనబడకుండా చేసింది నేను."

వదిన కళ్లజోడు తీసి తెరవైపు చూసింది. గుర్తు ఎర్రగానే ఉంది.